నీలంపాడు తూము పాట

మురుగు కాలవల శాఖలో పనిచేసేవాళ్ళకి సంతోషం తక్కువగా ఉందని రాజధానిలో ఎవరో కనిపెట్టారు. ఎలా కనిపెట్టారో తెలీదు. శాఖలో ఎవరినీ అడిగినట్టు లేదు. ఒక డివిజన్ ఆఫీసులో రాతపని చేసే త్రినాథాన్ని అడిగి ఉంటే కొంతసేపు ఆలోచించి, తక్కువో ఎక్కువో చెప్పడానికి తన దగ్గర కొలత లేదని చెప్పేవాడు. ఆ కొలతే ఒకరోజు అట్టపెట్టెలో వచ్చింది.

రోహిణీ కార్తె ఎండలో డివిజన్ ఆఫీసు వసారాలో ఆ పెట్టె దించారు. లోపల గోడకి సగం వచ్చే టీవీ, రెండు మైకులు, పలకంత నల్లటి యంత్రం. యంత్రం పేరు స్వరమిత్ర. నిజానికి అది ఇళ్ళల్లో పుట్టినరోజులకి పిల్లా పెద్దా చేరి ఆడుకునే పాటల ఆట. తెర అడుగున పాట మాటలు కదులుతాయి. వాటి పైన ఒక పచ్చగీత రాగాన్ని బట్టి లేస్తూ పడుతూ పోతుంది. మైకు పట్టుకున్నవాడి గొంతు ఎర్ర బాణంలా కనిపిస్తుంది. బాణం గీతమీద ఉన్నంతసేపూ నక్షత్రాలు రాలతాయి. పాట అయ్యాక నూటికి ఇన్ని అని మార్కు పడుతుంది.

పెట్టెతోపాటు పదకొండు పేజీల ఉత్తర్వు కూడా వచ్చింది. డివిజన్‌కి పెద్ద, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు విశ్వంభరరావుగారు. అందరూ ఈఈగారంటారు. ఆయన సిబ్బందిని తన గదిలో నిలబెట్టి, తనూ నిలబడి, ఆ ఉత్తర్వు చదివారు.

"ఉల్లాసమనేది ఇకమీదట మీ సొంత విషయం కాదు. అది శాఖాపరమైన బాధ్యత. ప్రతి ఉద్యోగీ రోజుకొక పాట విధిగా పాడవలెను. డివిజన్ సగటు మార్కు ప్రతి శనివారం ప్రధాన కార్యాలయానికి చేరవలెను. ఇరవైయారు డివిజన్లకీ ర్యాంకులుంటాయి. సందేహాలుంటే రాతపూర్వకంగా ఇవ్వండి. పాట రూపంలో వద్దు."

ఎవరూ నవ్వలేదు. ఆఖరి మాట హాస్యమో, ఉత్తర్వులో భాగమో తేలలేదు.

"మరి పాట రానివాళ్ళ సంగతేంటండి?" అని సూపర్నెంటు భ్రమరాంబగారు అడిగారు.

"రానివారంటూ ఉండరని మూడో పేజీలో ఉందమ్మా."

టీవీని ఈఈగారి బల్లమీదే పెట్టారు. కాస్త ఎత్తు చాలలేదు. బల్లమీద సంతకానికి ఎదురుచూస్తున్న ఫైళ్ళు ఎనిమిది ఉన్నాయి. వాటిని దొంతిగా పేర్చి టీవీ కింద పెడితే ఎత్తు కళ్ళకి సరిగ్గా సరిపోయింది. అడుగునుంచి రెండోది నీలంపాడు తూము ఫైలు.

అది కిందికి వెళ్ళడం త్రినాథం చూశాడు. అతను ఆ డివిజన్లో సీనియర్ అసిస్టెంటు. నలభై ఆరేళ్ళ బ్రహ్మచారి. ఎదుటివాళ్ళ ముఖాలకంటే వాళ్ళ ముఖాల వెనక ఏం జరుగుతోందో చూడటం అలవాటైనవాడు. అందువల్ల ఎదుటివాళ్ళు ఏం అడిగారో చాలాసార్లు వినేవాడు కాదు. ఇరవై రెండేళ్ళలో అతను రాసిన ఉత్తరాలు డివిజన్లో ప్రతి కాలవకీ వెళ్ళాయి. అతన్ని గురించి మాత్రం ఎవరూ ఎవరికీ ఏమీ రాయలేదు.

నీలంపాడు తూము సంగతి చిన్నదే. మూడు ఊళ్ళ చేలల్లో నీరు మురుగుకాలవలో పడి ఆ తూములోంచి గోదావరిలో కలుస్తుంది. గోదావరి పోటెక్కితే తూము తలుపు దించాలి, పోటు తీస్తే ఎత్తాలి. తలుపుని ఎత్తి నిలబెట్టేది ఆరు పేటల ఇనప తాడు. అది తెగితే తలుపు కూలబడుతుంది. ఇక వాన ఎంత కురిస్తే అంతా మూడు ఊళ్ళలోనే ఉంటుంది. తలుపుని దించి ఎత్తే లస్కరు నూకరాజు పోయిన కార్తీకంలో ఆఫీసుకొచ్చి, "ఓ పేట తెగిపోనాదండి బాబూ. కాయితం రాయండి" అన్నాడు. త్రినాథం రాశాడు. సంక్రాంతి తర్వాత వచ్చి రెండోదన్నాడు. మళ్ళీ రాశాడు. మొన్న వచ్చి మూడోది కూడా పుటుక్కుమందన్నాడు. మూడో ఉత్తరం చేర్చిన ఫైలే ఇప్పుడు టీవీని మోస్తోంది.

"ఫైలు బయటికి తీయొచ్చా సార్?" అని త్రినాథం అడిగాడు.

"తీస్తే టీవీ ఒరుగుతుంది త్రినాథం. ఒరిగితే మార్కులు తేడా వస్తాయి," అన్నారు ఈఈగారు.

మొదటి వారమంతా ఆఫీసు ఏడుపు ముఖంతో పాడింది. త్రినాథానికి మైకు పట్టుకుంటే అరిచేతులు చెమర్చేవి. చిన్నప్పుడు బళ్ళో ప్రార్థనకి నిలబెడితే అతని గొంతు విని మేష్టారు, "నువ్వు పెదాలు కదుపు, చాలు" అన్నారు. ముప్ఫయ్యేళ్ళు దాటినా ఆ మాట అతని పెదాల మీదే ఉండిపోయింది. నలభై నాలుగు, నలభై తొమ్మిది, నలభై రెండు. రోజూ మార్కు పడగానే, తనమీద తనకున్న అభిప్రాయం ప్రభుత్వం ధ్రువీకరించినట్టు అనిపించేది. ఆ అనిపించడంలో ఒకరకమైన విశ్రాంతి కూడా ఉందని గమనించి కొంచెం భయపడ్డాడు.

ఎనిమిదో రోజున కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చాడు.

తెరమీద మాటలు అలికినట్టున్నాయి. గీత మాత్రం లావుగా, పచ్చగా కనబడుతోంది. పాట మొదలైంది. నోరు తెరవాలి, మాటల్లేవు. పొద్దుటినించీ నాలుగో ఉత్తరం చిత్తుప్రతి రాస్తూ కూర్చున్నాడు గనక నోట్లో ఉన్నది అదే. అదే బయటికొచ్చింది.

"పై విషయమునకు సంబంధించీ... తమరి దృష్టికి తెచ్చునదేమనగా..."

ఆ మాటలు పాటలో పడగానే విచిత్రం జరిగింది. ఇరవై రెండేళ్ళుగా అతని చేతిలోంచి వస్తున్న మాటలవి. వాటికి భయం తెలీదు. 'నీలంపాడు తూము తాడు' అన్నచోట గీత దిగుతోంది, గొంతు దానితోపాటు దిగింది. 'ఆరు పేటలలో మూడు తెగినవి' అన్నచోట గీత మూడు మెట్లు ఎక్కింది, గొంతూ ఎక్కింది. 'సత్వర చర్య నిమిత్తమై' అని ఆఖర్న సాగదీసేసరికి తెరనిండా నక్షత్రాలు. యంత్రం ఆడగొంతుతో "అద్భుతం, మీరొక ఆణిముత్యం" అంది. తొంభై ఆరు.

గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఈఈగారు లేచి వచ్చి భుజం తట్టారు. పాడుతున్నంతసేపూ గదిలో ప్రతి కన్నూ ఎర్రబాణం మీదే ఉంది. చెవులు కూడా అక్కడే ఉన్నాయి కాబోలు. భ్రమరాంబగారొక్కరే బయటికి వస్తూ, "మీ పాటలో పేటలని ఏదో వినబడినట్టుందండి" అన్నారు.

"పాతపాటండి," అన్నాడు త్రినాథం.

ఆ సాయంత్రం నడిచి ఇంటికి వెళ్తూ తనని తాను పరిశీలించుకున్నాడు. మెచ్చుకోలు చెవిలోంచి లోపలికి వెళ్తుందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కాదు. అది మెడవెనక ఎక్కడో దిగి, వెన్నులోంచి మెల్లిగా కిందికి జారుతుంది. ఈఈగారి చెయ్యి పడ్డ భుజం ఇంకా విడిగా తెలుస్తోంది. తాడు సంగతి అధికారికి చేరలేదన్న బాధ ఉందా అని వెతికాడు. ఉంది. కానీ అది వెనక వరసలో కూర్చుంది.

మర్నాడు కళ్ళజోడు జేబులోనే ఉంచుకున్నాడు. ఈసారి కావాలనే, ఇంకా వివరంగా పాడాడు. తూము పొడవు, వెడల్పు, తాడు లావు, వేసిన సంవత్సరం, మునిగే ఎకరాలు, ఊళ్ళ పేర్లు. తొంభై ఎనిమిది. డివిజన్ ఇరవై మూడో ర్యాంకునుంచి ఆరుకి ఎగబాకింది.

మరో వారం తిరిగేసరికి యంత్రం బలాలు, బలహీనతలు తెలుపుతూ నివేదిక పంపమని ప్రధాన కార్యాలయం అడిగింది. రాయాల్సింది త్రినాథమే గదా. నిజాయితీగా రాశాడు. బలాల గడిలో, ఈ ఆట ఎదుటివాడి కులమూ హోదా చూడదని, జతపరచవలసిన కాగితాలేవీ అడగదని, పాడినవెంటనే ఫలితం చెబుతుందని, ఈ శాఖలో ఇన్నేళ్ళలో వెంటనే జవాబిచ్చినది ఇదొక్కటేనని రాశాడు. బలహీనతల గడిలో, ఇది రాగాన్నే గాని మాటని వినదని రాశాడు. గదిలో మనిషికీ వస్తువుకీ తేడా తెలీదనీ, మొన్న కరెంటొచ్చి మైకు పక్కన ఫ్యాను తిరిగితే దానికి నలభై మూడు ఇచ్చిందనీ రాశాడు.

ఈఈగారు చదివి కాగితం కింద పెట్టారు.

"ప్రభుత్వం కొన్న వస్తువుకి బలహీనత ఎలా ఉంటుందయ్యా?"

"ప్రొఫార్మాలో గడి ఉంది సార్."

"గడి ఉందని నింపేస్తామా? మన డివిజన్లో ఎన్ని పోస్టులు ఖాళీగా లేవు?" ఆయన ఎర్ర సిరా పెన్ను తీశారు. "మాట వినదు అన్నారు. దాన్ని 'భాషాపరమైన పక్షపాతం లేదు' అని బలాల్లో వేయండి. మనిషికీ వస్తువుకీ తేడా చూడదు. అది సమదృష్టి. అదీ బలమే."

"మరి ఫ్యాను సార్?"

"నలభై మూడంటే సగటుకి మరీ నష్టమేం లేదు. కార్యాలయపు ఆస్తే గదా. ఒంట్లో బాలేక ఎవరైనా సెలవు పెడితే ఆ స్థానంలో చూపించొచ్చు."

అలా ఫ్యాను కూడా జాబితాలో చేరింది. కొన్ని రోజులు అది అటెండరుకంటే ముందుంది. గుమాస్తాలు అతన్ని చూసి, "ఏరా, ఫ్యాను నీకంటే నయంరా" అనేవారు. అతను రోషంకొద్దీ యాభై తెచ్చుకున్నాడు.

మృగశిర చివరికొచ్చింది. ఒకరోజు భ్రమరాంబగారు జలుబుతో పాడితే ముప్ఫై ఒకటి వచ్చింది. అప్పుడుగాని ఉత్తర్వు తొమ్మిదో పేజీ ఎవరూ చదవలేదు. నలభైకి తక్కువ వస్తే అది ఉల్లాసలోపం. మూడు రోజుల్లో విచారణ జరగాలి. ఆ ఉద్యోగి నోట వెలువడిన ప్రతి మాటనీ అనుబంధంలో నమోదు చేయాలి. లోపానికి మూలకారణం కనిపెట్టి, యుద్ధప్రాతిపదికన తొలగించాలి.

ఈఈగారు విచారణ జరిపారు. "మీ ఉల్లాసానికి అడ్డుపడుతున్నదేమిటో నిర్భయంగా చెప్పండమ్మా."

భ్రమరాంబగారు ముక్కు తుడుచుకుని, "ఆడవాళ్ళ బాత్రూముకి ఆరేళ్ళబట్టీ గడియ లేదండి. ఒక చేత్తో తలుపు పట్టుకుని కూచునొచ్చినవాళ్ళకి రాగం ఎక్కణ్ణించి వస్తుందండీ?" అన్నారు.

రెండో రోజుకి గడియ వచ్చింది. ఇత్తడిది. దానికోసం ఆరేళ్ళలో పద్నాలుగు కాగితాలు వెళ్ళాయి. అవన్నీ భ్రమరాంబగారి బీరువాలో నకళ్ళుగా ఉన్నాయి.

ఆమె త్రినాథం బల్ల దగ్గరికి వచ్చి, "చూశారా త్రినాథంగారూ," అన్నారు. "బాగా పాడితే చప్పట్లు. పాడుగా పాడితే పని."

ఆ మాట అతనికి సూదిలా దిగింది. ఎందుకు దిగిందో తెలుసు. ఆ పొద్దున్నే నూకరాజు వచ్చి వెళ్ళాడు. మెట్ల కింద తువ్వాలు భుజాన్నుంచి తీసి నిలబడి, "నాలుగోది పోనాదండి. ఇంక రెండు పేటలమీద ఏలాడతంది. ఆరుద్ర ఎక్కితే ఆగదండి బాబూ. పెద్దాయనకి సెప్పేరా?" అన్నాడు.

"పాడాను."

నూకరాజు తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "పాడేరు. ఎవరన్నా ఇన్నారాండి?"

త్రినాథం మెట్లెక్కి లోపలికి వచ్చేశాడు.

దారి తెలిసిపోయింది. మళ్ళీ అదే ఉత్తరం పాడాలి, నలభైకి తక్కువ రావాలి. అంతే. రేపే అనుకున్నాడు. మర్నాడు మైకు పట్టుకుని నిలబడ్డాడు. గదిలో వాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. కొత్తగా చేరిన టైపిస్టు పక్కామెతో, "ఈయన పాడితే నాకు ఒళ్ళు పులకరిస్తుందండి" అనడం వినబడింది. గీత మొదలైంది. పక్కకి తప్పుకోవాలని గొంతుకి చెప్పాడు. గొంతు వినలేదు. నీరు పల్లానికి పోయినట్టు బాణం గీతమీదికే పోయింది. రెండుచోట్ల బలవంతాన లాగాడు. యంత్రం దాన్ని గమకమనుకుంది. తొంభై ఒకటి.

"తొంభై ఒకటేనా?" ఈఈగారి ముఖంలో నిజమైన ఆందోళన. "ఒంట్లో బాగుంటోందా త్రినాథం? మజ్జిగ తెప్పించనా?"

మజ్జిగ తాగాడు. తాగుతూ తనని తాను చూసుకున్నాడు. గొంతు వినలేదనడం అబద్ధం. గొంతుకి అతను గట్టిగా చెప్పలేదు. మూడు ఊళ్ళు ఒకవైపు, ఆ టైపిస్టు అన్న మాట ఒకవైపు పెడితే ఏది మొగ్గుతుందో అతనికి ఈరోజు తెలిసింది. చెడ్డవాళ్ళు ఎలా ఉంటారో అని చిన్నప్పటినుంచీ ఊహించుకునేవాడు. వాళ్ళు చల్లటి మజ్జిగ తాగుతూ, కరివేపాకు తీసి పక్కన పెడుతూ ఉంటారని ఎప్పుడూ అనుకోలేదు.

రెండు రోజులు అలాగే గడిచాయి. తొంభై మూడు, తొంభై నాలుగు. మూడోరోజు పొద్దున్న మబ్బు దక్షిణంనించి ఎక్కింది. ఆఫీసు కిటికీలోంచి తడిమట్టి వాసన వచ్చింది.

త్రినాథం మైకు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. గీత కనబడకపోతే లొంగడానికేమీ ఉండదు. పాట మొదలయ్యాక పాడలేదు. చెప్పాడు. ఎత్తూ పల్లమూ లేని గొంతుతో, ఇంట్లో గోడతో మాట్లాడినట్టు చెప్పాడు. "నీలంపాడు తూము తాడు తెగిపోతోంది. ఆరు పేటల్లో నాలుగు తెగాయి. తెగితే తలుపు లేవదు. మూడు ఊళ్ళు మునుగుతాయి. నేను నాలుగు ఉత్తరాలు రాశాను."

మిగిలిన పాటంతా మైకు పట్టుకుని ఊరుకున్నాడు. వెనక వాయిద్యాలు మాత్రం మోగుతూ పోయాయి.

ఏడు.

"మళ్ళీ ప్రయత్నించండి, మీలోనూ ఒక గాయకుడున్నాడు" అంది యంత్రం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టైపిస్టు నేలకేసి చూసింది. అది అతను అనుకున్నంత బాధగానే ఉంది.

విచారణ ఆ మధ్యాహ్నమే మొదలైంది. ఈఈగారు అనుబంధాన్ని రెండుసార్లు చదివారు.

"ఇది పాటా?"

"మార్కు వేసింది గదా సార్."

"దీని భావమేమిటి?"

"తాడు తెగిపోతోందని సార్."

"ఇంత ముఖ్యమైన విషయం ముందే ఎందుకు చెప్పలేదు?"

"మూడు వారాల కిందట రెండుసార్లు పాడాను సార్. తొంభై ఆరు, తొంభై ఎనిమిది వచ్చాయి."

ఈఈగారు రిజిస్టరు తెప్పించి చూశారు. నిజమే. "అంటే అప్పటికి తాడు బాగున్నట్టు లెక్క," అన్నారు.

ఆయన వెటకారంగా అనలేదు. ఆయన ముఖం వెనక ఏముందో త్రినాథం చూడగలిగాడు. అక్కడ ర్యాంకుల పట్టిక ఉంది. ఆరునుంచి పంతొమ్మిదికి పడిపోయిన డివిజన్ పేరు ఉంది. దాని పక్కన ఒక మనిషి నిజంగానే నిద్రపట్టక దొర్లుతున్నాడు. ఆయన ఇలా రాశారు: 'గాయకుని మనోవేదనకు మూలము నీలంపాడు తూము తాడు. గాయకుని స్వరారోగ్య పునరుద్ధరణ నిమిత్తము తక్షణమే సదరు తాడు మార్చవలెను.'

రెండో రోజుకి తాడు వచ్చింది. దూరంనుంచేమీ రాలేదు. అది డివిజన్ స్టోర్సులోనే, గ్రీజు పూసి, గోనెలో చుట్టి మూడేళ్ళుగా ఉంది. నూకరాజూ, ఇద్దరు కూలీలూ కలిసి ఎక్కించారు. ఆ సాయంత్రమే ఆరుద్ర మొదటి వాన పడింది.

అక్కడితో అయిపోయేదే. కానీ ఉత్తర్వుకి పదో పేజీ కూడా ఉంది. మూలకారణం తొలగించాక ఆ ఉద్యోగి ఏడు రోజుల్లో మళ్ళీ పాడి, తన పాత స్థాయి అందుకున్నట్టు రుజువు చేయాలి. త్రినాథం స్థాయి తొంభై. అందకపోతే కారణాన్ని తప్పుగా గుర్తించినట్టు. అప్పుడు తొలగించిన కారణాన్ని యథాస్థానంలో పునఃస్థాపించాలి.

"అంటే కొత్త తాడు విప్పేయాలా సార్?"

"విప్పి స్టోర్సుకి పంపాలి. పాతది వేయాలి. నియమం నేను రాయలేదు త్రినాథం. మీరు మామూలుగా పాడండి, చాలు. మీకదెంత?"

సంబంధిత తాడు ఎవరి అధీనంలో ఉందో వాళ్ళు కూడా హాజరు కావాలని ఉంది గనక నూకరాజుని పిలిపించారు. అతను ఆ గదిదాకా రావడం అదే మొదటిసారి. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. కాళ్ళ బురద లోపల అంటుతుందని గుమ్మం అవతలే నిలబడ్డాడు. బయట నాలుగు రోజులుగా ఏకధార.

త్రినాథం మైకు తీసుకుని తనలోకి చూసుకున్నాడు. గొంతు ఎలా ఉందో తెలీదు. ఆ ఏడు మార్కుల తర్వాత, విచారణ తేలేదాకా వద్దన్నారు గనక, అతను పాడలేదు. పైగా ఇప్పుడు పాడితే తాడు మీద పాడాలి. ఒక్క తప్పుకి తలుపు కూలుతుంది. చేతులు పాతరోజుల్లోలాగా చెమర్చాయి. తొంభై వస్తుందా? రావచ్చు. రాకపోతే?

అందరూ తెరకేసి చూస్తున్నారు. నూకరాజు ఒక్కడే అతనికేసి చూస్తున్నాడు. ఆ గదిలో తెర చూడటం నేర్చుకోనివాడు అతనొక్కడే.

పాట మొదలైంది. త్రినాథం గీతమీద కాలు పెట్టినట్టు మెల్లిగా ఎక్కాడు.

"నూకరాజూ... ఓ నూకరాజూ... చిన్నగా తల దించు, ఈ మాట విను... మార్కు తగ్గినా తాడు విప్పకూ... పాత తాడునే గోనెలో చుట్టి స్టోర్సుకి పంపూ... విప్పినట్టు నేను రాసుకుంటా... తలుపు జాగర్త, ఊళ్ళు జాగర్త..."

ఎర్రబాణం నక్షత్రాలు రాల్చుకుంటూ పోతోంది. ఈఈగారు చేత్తో తాళం వేస్తున్నారు. భ్రమరాంబగారు మాత్రం ఒకసారి త్రినాథాన్ని చూసి, వెంటనే తెరకేసి తిరిగిపోయారు.

'విప్పకు' అన్నచోట ఇబ్బంది వచ్చింది. అక్కడ గీత మెత్తగా జారిపోతోంది. దానితో జారితే ఆ మాట వానచప్పుడులో కలిసిపోతుంది, గుమ్మందాకా వెళ్ళదు. మాట వెళ్ళాలంటే గొంతు నొక్కి పలకాలి, గీత వదలాలి. రెండూ కుదరవు. అతను ఒక్క క్షణం గీతకేసి ఆశగా చూసి, వదిలేశాడు. చరణంలో మూడుసార్లు ఆ మాట వచ్చింది. మూడుసార్లూ వదిలేశాడు.

గుమ్మం అవతల నూకరాజు తల దించుకున్నాడు.

ఎనభై ఎనిమిది.

గది నిట్టూర్చింది. ఈఈగారు చాలాసేపు ఆ అంకెని చూస్తూ కూర్చుని, "రెండు మార్కులయ్యా," అన్నారు. ఆయన గొంతులో నిజంగా దుఃఖం ఉంది. "సరే. తాడు కారణం కాదని శాస్త్రీయంగా తేలింది. ఏమయ్యా లస్కరూ, విన్నావా?"

"విన్నానండి," అన్నాడు నూకరాజు.

"విప్పి స్టోర్సుకి పంపు."

"ఆయ్. ఎలా సెప్తే అలాగేనండి."

మర్నాడు స్టోర్సుకి గోనె వచ్చింది. గుమాస్తా విప్పి చూడలేదు. రిజిస్టరులో 'తాడు ఒకటి, ముట్టినది' అని రాసుకున్నాడు. త్రినాథం విచారణ ఫైలులో 'తాడు తొలగించడమైనది' అని మాత్రమే రాసి, ఈఈగారి సంతకం తీసుకుని మూసేశాడు. ఇరవై రెండేళ్ళలో అతను రాసిన మొదటి అబద్ధం అదే. అక్షరాలు ఎప్పటికంటే గుండ్రంగా వచ్చాయి.

వాన మొత్తం తొమ్మిది రోజులు కురిసింది. గోదావరి రెండుసార్లు పోటెక్కింది. రెండుసార్లూ నూకరాజు తలుపు దించాడు, ఎత్తాడు. మూడు ఊళ్ళ నీరూ బయటికి పోయింది. నారుమళ్ళు తలెత్తుకుని నిలబడ్డాయి. ఊళ్ళలో ఎవరూ ఏమీ అనుకోలేదు. మునగని చేలని గురించి మాట్లాడుకునేవాళ్ళు ఎక్కడా ఉండరు.

వానల నష్టాల నివేదికలు రాజధానికి వెళ్ళాయి. అక్కడ వాటినీ, త్రినాథం మూసిన విచారణ ఫైలునీ పక్కపక్కన పెట్టి చదివినవాడొకడు ఉన్నట్టున్నాడు. పన్నెండు రోజులకి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. ఈఈగారు మళ్ళీ అందరినీ పిలిచి నిలబడి చదివారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"నీలంపాడు తూము తాడు లేకుండానే తొమ్మిది దినముల వర్షమును, రెండు పోట్లను విజయవంతముగా ఎదుర్కొన్నట్లు రికార్డులు తెలుపుచున్నవి. ఇది శాఖ చరిత్రలో అపూర్వము. తాడు అనునది వలసపాలన నాటి అనవసర అలవాటని దీనివలన రుజువగుచున్నది. కావున సదరు డివిజన్లోని మిగిలిన పదకొండు తూములకును తాళ్ళు తక్షణమే తొలగించి, ఫలితము ఆధారముగా ఈ విధానమును అన్ని డివిజన్లకును విస్తరింపజేయవలెను."

భ్రమరాంబగారు దగ్గు వచ్చినట్టు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

పదకొండు తూముల లస్కర్లకీ కబురు వెళ్ళింది. సోమవారం పొద్దున్న అందరూ వచ్చారు. ముసలివాళ్ళు, మధ్యవయసువాళ్ళు. ఒకతను భర్త పోయాక ఆ పని చూస్తున్న తన చెల్లెలికి బదులు వచ్చాడు. చేతుల్లో గ్రీజు మరకలు, తలల మీద తువ్వాళ్ళు. కాళ్ళ బురద లోపల అంటుతుందని గుమ్మం అవతల వసారాలో గుంపుగా నిలబడ్డారు. నూకరాజు కూడా పిలవకుండానే వచ్చి చివర్న నిలబడ్డాడు. ఒకరిద్దరి చెవుల్లో ఏదో చెబుతున్నాడు.

ఈఈగారు ఉత్తర్వు చేతబట్టుకున్నారు. చదవబోయి ఆగారు. అంత మంచి రోజున ఉత్తర్వుతో మొదలెట్టడం ఆయనకి మనస్కరించలేదు.

"ముందు మన త్రినాథం ఒక పాట పాడతారు," అన్నారు. "సావధానంగా వినండి. నూటికి తొంభై ఎనిమిది తెచ్చిన గొంతు."

సిబ్బందంతా అలవాటుగా తెరకేసి తిరిగారు. వసారాలో లస్కర్లకి తెర కనబడదు. పన్నెండు ముఖాలూ అతనికేసే తిరిగి ఉన్నాయి.

త్రినాథం మైకు అందుకుని, టీవీకి వీపు పెట్టి, వాళ్ళకేసి తిరిగి నిలబడ్డాడు. ఆ రోజు నూకరాజుకి పాడిన మాటలే నెమ్మదిగా, ఒక్కొక్కటీ విడివిడిగా పాడాడు. మధ్యలో రెండుచోట్ల ఆగి, మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. పాట అయ్యేసరికి పన్నెండుమందీ తలలు ఊపారు.

వెనక మార్కు పడిన చప్పుడైంది. ఎంతొచ్చిందో అతను తిరిగి చూడలేదు.